రెండుసార్లు తడితే బొమ్మ

మార్చి 11, శనివారం

ఈ నోటుబుక్కు హమామ్‌కి స్నానానికొచ్చిన ఎవరో మరిచిపోయి వెళ్ళింది. నెల రోజులు నా బల్ల మీదే పెట్టాను. ఎవడూ అడగలేదు. మొదటి పేజీలో ప్రేమలేఖ చిత్తు ఉంది. ‘ఓ నా ప్రాణమా’ దగ్గర ఆగిపోయాడు పాపం. ఆ పేజీ చింపేసి మిగతాది నేను తీసుకున్నాను. కంప్యూటర్‌కి జబ్బు చేస్తే ఏ రోజు ఏ మందు వేశామో రాసి పెట్టుకోవాలని డిష్షులు బాగుచేసే మొఖ్తార్ చెప్తుంటాడు. అందుకే రాస్తున్నాను. వేరే కారణం లేదు.

జబ్బు ఇది. డిష్ తీగ తగిలిస్తే కంప్యూటర్‌లో టీవీ చూపించే కార్డు పనిచెయ్యడం లేదు. మొన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళ ఆన్ చేస్తే నల్ల తెర. కింద గీత మాత్రం సిగ్నల్ డెబ్బై శాతం అంటోంది. డెబ్బై శాతం ఉంటే డెబ్బై శాతం బొమ్మయినా రావాలి కదా, అదీ లేదు. పనికిమాలిన ఛానళ్ళు చాలానే వస్తున్నాయి. ఒకడు గంటసేపట్నుంచీ వంటింటి కత్తులు అమ్ముతున్నాడు. నాక్కావలసిన ఛానల్ ఒక్కటే రాదు.

డబ్బా పక్కన చేత్తో రెండు తగిలించాను. ఈ రెండు నెలల్లో అప్పుడప్పుడు ఇలాగే పోయేది, పది నిమిషాలో అరగంటో. రెండు తగిలిస్తే కాసేపటికి దారికొచ్చేది. ఇవాళ పదకొండు తగిలించాను. అరచెయ్యి ఎర్రబడింది గానీ బొమ్మ రాలేదు.

నాక్కావలసిన ఛానల్లో గురువారం మధ్యాహ్నం మూడున్నరకి కుట్టుపని కార్యక్రమం వస్తుంది. హమామ్‌లో మధ్యాహ్నం ఆడవాళ్ళ పూట కాబట్టి నేను ఇంట్లోనే ఉంటాను. ఒంటరిగా ఉండే మగాడికి గుండీ కుట్టుకోవడమైనా రావాలి. అరవై ఒక్క వారాలుగా రికార్డు చేస్తున్నాను. కుట్టు 1, కుట్టు 2 అని పేర్లు పెట్టి దాచాను. గుండీ కుట్టడం ఇంకా రాలేదు.

ఆ కార్యక్రమం చేసేది సుహీలా. నా కూతురు. అది వేరే సంగతి.

మార్చి 12, ఆదివారం

డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. కార్డుని నడిపేవాడిని డ్రైవర్ అంటారు. మా మొస్తాగనెమ్ ఊరి బస్సు డ్రైవర్ల జాతే. ఉన్నాడంటారు, బండి మాత్రం కదలదు. సీడీ మీద గీతలు పడి ఉంటే టూత్‌పేస్ట్ రాసి తుడిచాను. కంప్యూటర్ దాన్ని చదివింది. గదంతా పుదీనా వాసన.

బొమ్మ లేదు.

మార్చి 13, సోమవారం

డబ్బా విప్పాను. కార్డు బయటికి లాగి దాని బంగారు పళ్ళు రబ్బరుతో రుద్దాను. పక్క గాడిలో పెట్టాను. దాని పక్క గాడిలో కూడా పెట్టాను. బొమ్మ లేదు. కత్తులవాడు ఇప్పుడు గిన్నెలు అమ్ముతున్నాడు.

పైన హాజ్ బెనౌదా ఇంట్లో టీవీలో ఖురాన్ పారాయణం నడుస్తోంది. శుక్రవారం నుంచీ రాత్రీ పగలూ ఆపలేదు. పుణ్యం బాగానే కూడబెడుతున్నారు. ఎవరన్నా పోయారా అంటే ఎవరూ పోలేదు.

మార్చి 14, మంగళవారం

ఇవాళ మందేమీ వెయ్యలేదు. హాజ్ సంగతి రాస్తాను. ఎవరికీ చెప్పుకోలేని వినోదం కడుపులో ఉబ్బుతుంది.

జనవరిలో గాలివానకి నా డిష్ ఎగిరి పక్క మిద్దె మీద పడి వంకరపోయింది. హాజ్ చూసి, ‘ఒరేయ్ బూజియాన్, నా డిష్‌కే నీ తీగ కలుపుకో, ఒక కన్ను ఇద్దరికి చాలదా’ అన్నాడు. మంచివాడు. రెండు దారుల ముక్క ఒకటి కొని మిద్దె మీద నేనే బిగించాను. ఒక దారి ఆయనకి, ఒక దారి నాకు. అదే వారం ఆయన కొడుక్కి పెళ్ళయింది. కోడలు వహీబా, రెలిజాన్ ఊరి పిల్ల. మెట్ల మీద ఎదురైతే కళ్ళతో నవ్వి వెళ్తుంది.

ఆ తర్వాత పది రోజులకి ఒక గమ్మత్తు బయటపడింది. పైన హాజ్ ఫుట్‌బాల్ చూస్తున్నాడు. అరుపులు నా చెవిలోనే ఉంటాయి, మా కప్పు అంత పల్చన. నేను ఊరికే ఛానళ్ళు తిప్పుతూ కత్తులవాడి దగ్గరికి వచ్చానో లేదో, పైన ‘అయ్యయ్యో!’ అని ఇల్లంతా కేక. వెనక్కి తిప్పాను. ‘వచ్చింది వచ్చింది!’ మళ్ళీ కత్తులవాడు. ‘పోయింది!’

నా కార్డు వాళ్ళ డబ్బాకంటే బలమైనదని అప్పుడు అర్థమైంది. నాది మొగుడు, వాళ్ళది పెళ్ళాం. యాభై రెండేళ్ళ నా జీవితంలో దేవుడు నాకు చేతికందించిన బొమ్మల్లో ఇంత అందమైనది లేదు. పెనాల్టీ కొట్టేముందు ఆర్పేవాణ్ణి. కార్నర్ కొట్టేముందు ఆర్పేవాణ్ణి. హాజ్ భార్య ఖైరా పిన్ని చూసే సీరియల్లో పెళ్ళికూతురు అవునో కాదో చెప్పబోతుంటే ఆర్పేవాణ్ణి. దిండు మూతికి అదుముకుని నవ్వేవాణ్ణి. మొత్తం తొమ్మిది సార్లు. పది కావచ్చు.

ప్రతిసారీ పైన ఒక్క గొంతు నవ్వేది. కొత్త కోడలిది. ఈ మేడలో నా వేళాకోళానికి నవ్వే మనిషి అదొక్కతే, అది ఎవరి వేళాకోళమో తెలీకపోయినా.

మార్చి 16, గురువారం

మూడింటికి కార్డు సంచిలో వేసుకుని మొఖ్తార్ దుకాణానికి వెళ్ళాను. కాఫీ హోటల్లో టీవీ ఉంది కదా అంటే, అక్కడికి వెళ్ళి ‘కుట్టు ఛానల్ పెట్టండి’ అని నేనెలా అడుగుతాను? అడిగితే రైలు సంగతి తవ్వుతారు.

మొఖ్తార్‌కి నా మీద పాత కోపం ఉంది. ‘శుక్రవారం డిష్షులు ఉచితంగా సరిచేయబడును’ అని రాసి అతని దుకాణం తలుపుకి అంటించింది నేనే. నలభై మంది వచ్చారట.

“రా బూజియాన్ అన్నా,” అన్నాడు కళ్ళద్దాల పైనుంచి చూస్తూ. “ఇవాళ ఎవరిని చంపడానికి బయల్దేరావు?”

“కార్డు చచ్చింది. చూసి చెప్పు.”

“నిజంగా చచ్చిందా, తీసిపెట్టగానే మొహం మీదికి నీళ్ళు చిమ్ముతుందా?”

అతని కంప్యూటర్‌లో పెట్టాడు. పెట్టగానే బొమ్మ. శుభ్రంగా, అద్దంలా. సుహీలా కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది. జుట్టు కత్తిరించుకున్నట్టుంది.

“వచ్చే గురువారం మన ఆఖరి కార్యక్రమం,” అంటోంది. “అది నేరుగా మీ ముందే చేస్తాను. మా అమ్మ పెళ్ళినాటి పొడుగు గౌను, బ్లూజా ఒకటి ఉంది. దాన్ని కుట్లన్నీ విప్పి, మళ్ళీ నా కొలతకి కుడతాను. ఆ తర్వాత నేను తెర వెనక పనికి వెళ్తున్నాను. ఇక మీకు కనపడను.”

“ఆ పిల్ల మీ…” అన్నాడు మొఖ్తార్.

“కాదు.”

“పోలిక…”

“పోలిక ఉన్నవాళ్ళందరూ చుట్టాలైతే నువ్వూ మునిసిపాలిటీ గాడిదా అన్నదమ్ములు. కార్డు సంగతి చెప్పు.”

అతను ఛానల్ మార్చేశాడు. మంచిదే అయింది. “కార్డుకేం రోగం లేదు. నీ ఇంట్లో ఏదో ఉంది. నీ తీగ మీద ఇంకెవరన్నా ఉన్నారా?”

“ఎవరూ లేరు,” అన్నాను.

ఎందుకలా అన్నానో. అలవాటు.

మార్చి 17, శుక్రవారం

బ్లూజా సంగతి. పసుపుది, ఒరాన్ పట్నంలో కుట్టించింది, ఛాతీ మీద పూసలు. నా భార్య జమీలా పోయాక పెట్టెలో ఉండేది. నాలుగేళ్ళ క్రితం సుహీలా అదే వేసుకుని రైలెక్కింది.

ఆ రోజుల్లో పొద్దస్తమానం అద్దం ముందు నిలబడి వార్తలు చదివేది. నేను టెలిఫోన్ ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేసి, గొంతు మార్చి, రాజధానిలో టీవీవాళ్ళం, మీ ఉత్తరం అందింది, బుధవారం పదింటికి రండి అన్నాను. సాయంత్రానికల్లా చెప్పేద్దామనుకున్నాను. అది పరిగెత్తుకొచ్చి నా మెడ పట్టుకుని ఊగింది. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు హమామ్‌లో అందరికీ చెప్పాను, దానికి తప్ప. స్టేషనుకి నేనే దిగబెట్టాను.

వేళాకోళం బాగానే కుదిరింది. అది తిరిగి రాలేదు, అంతే. రాజధానిలో జమీలా చెల్లెలి దగ్గరే ఉండిపోయింది. రెండేళ్ళకి నిజంగానే టీవీలో చేరింది. ఒక రకంగా నా వల్లే అనుకోవాలి.

తీగ మొత్తం విప్పి మళ్ళీ బిగించాను. బొమ్మ లేదు.

మార్చి 18, శనివారం

పొద్దున హాజ్ బెనౌదా హమామ్‌కి వచ్చాడు. స్నానమయ్యాక తువ్వాలు తలకి చుట్టుకుని నా బల్ల పక్కన కూర్చుని టీ తాగాడు. ముఖం పీక్కుపోయింది.

“ఒరేయ్ బూజియాన్, నీకు వినపడుతోందా, పారాయణం?”

“పుణ్యం నాకూ కాస్త కారుతోంది హాజ్ గారూ, కప్పులోంచి.”

“నవ్వులాట కాదురా. ఇంట్లో జిన్ ఉంది, కంటికి కనపడని భూతం.”

టీ నా ముక్కులోంచి వచ్చింది. పొలమారింది అన్నాను.

“టీవీలో కూర్చుంది,” అన్నాడు. “బొమ్మ తినేసేది. అదీ ఎప్పుడంటే అప్పుడు కాదు. సరిగ్గా బంతి కొట్టబోతుంటే! భూతాల్ని ఓది వదిలించే షేక్‌ని పిలిపించాం. ఖురాన్ ఛానల్ పెట్టి రాత్రీ పగలూ ఆపొద్దన్నాడు. తొమ్మిది రోజులైంది. టీవీ నిమ్మళించింది.”

“మరింకేం. వెళ్ళిపోయిందిగా.”

“ఎక్కడికి వెళ్ళిందిరా? మీ పిన్ని అదే అడిగింది. షేక్ అన్నాడు, ఇంట్లో కొత్తగా వచ్చిన ప్రాణి ఎవరూ అని.” గ్లాసు కింద పెట్టాడు. “ఆ పిల్ల వచ్చిన వారంలోనే మొదలైంది. బొమ్మ పోయిన ప్రతిసారీ నవ్వేది. అందరం గుండెలు బాదుకుంటుంటే నవ్వే మనిషిని చూశావా ఎక్కడన్నా?”

ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోశాను.

“గురువారం వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోతాడు. సాయంత్రం అసర్ నమాజు లోపే. మావాడు గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. వాడికి ఇష్టమే ఆ పిల్లంటే. ఏం చేస్తాం.”

ఆయన వెళ్ళాక తువ్వాళ్ళ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వుకున్నాను. జిన్! పెనాల్టీలు ఇష్టపడే జిన్! కాసేపే నవ్వాను.

నాకు సంబంధం లేదు. నేను బొమ్మ ఆర్పాను, పిల్లని కాదు.

మార్చి 19, ఆదివారం

ఇది కార్డు గురించిన నోటుబుక్కు. కార్డు గురించే రాయాలి.

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 20, సోమవారం

మొఖ్తార్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. “తీగ మీద ఇంకొకరున్నారు,” అన్నాను. “హాజ్ బెనౌదా.”

అతను చేతిలో ఉన్న టంకం కడ్డీ స్టాండు మీద పెట్టి నావైపు తిరిగాడు. “నీ నోట్లోంచి నిజం రావడానికి నాలుగు రోజులు పట్టిందా? మామూలుగా ఎంత పడుతుంది?”

“చెప్పవయ్యా.”

చెప్పాడు. డిష్ కన్ను ఒకటే. అది ఒకసారికి ఒక్క రకంగానే చూడగలదు, నిలువుగా గానీ అడ్డంగా గానీ. ఛానళ్ళలో సగం నిలువువి, సగం అడ్డంవి. మనం ఛానల్ పెట్టగానే డబ్బా తీగలోంచి కరెంటు పంపించి కన్నుకి ఎలా చూడాలో చెప్తుంది. అడ్డం కావాలంటే ఎక్కువ కరెంటు, నిలువైతే తక్కువ. ఒకే కన్నుని ఇద్దరు అడిగితే ఎక్కువ పంపినవాడి మాటే వింటుంది.

“అంటే బలమైన కార్డు, బలహీనమైన కార్డు అని కాదా?”

“బలమేంటి? అడ్డం ఛానల్ చూసేవాడు ఎవడైనా సరే, నిలువు ఛానల్ చూసేవాడి బొమ్మ పోతుంది. నువ్వు వాళ్ళది ఆర్పగలవు, వాళ్ళు నీది ఆర్పగలరు.”

అప్పుడప్పుడు పది నిమిషాలు పోయి మళ్ళీ వచ్చేది గుర్తొచ్చింది. నా చెంపదెబ్బలకి వచ్చేదనుకున్నాను. పైనవాళ్ళు ఛానల్ మార్చడం వల్ల వచ్చేది.

“కుట్టు ఛానల్ ఏ రకం?”

“నిలువు.”

“ఖురాన్ ఛానల్? పైన పది రోజులుగా అదే నడుస్తోంది.”

“అడ్డం.” అతను కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. “వాళ్ళు దాన్ని ఆపనంతకాలం నీకు నిలువువేవీ రావు. ఎందుకట ఆపడం లేదు?”

“పుణ్యం కోసం,” అన్నాను.

రోగం దొరికింది. కార్డు మంచిది, డ్రైవర్ మంచివాడు, తీగ మంచిది. నేను జిన్‌నయ్యాను, జిన్ కోసం వాళ్ళు పారాయణం పెట్టారు, పారాయణం నా తెర మీద పడింది. ఇంత చక్కటి వేళాకోళం నా మీద ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

మార్చి 21, మంగళవారం

మందు తేలికైనదే. మిద్దె ఎక్కి, రెండు దారుల ముక్క దగ్గర హాజ్ తీగ మర విప్పేస్తే చాలు. గురువారం గంటసేపు. నా బొమ్మ నాకు. తర్వాత బిగించొచ్చు. పారాయణం ఆగిపోతే వాళ్ళు ఏమనుకుంటారంటే…

అయినా పానా పట్టుకుని ఎక్కాను.

మిద్దె మీద వహీబా బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి తలమీది గుడ్డ సర్దుకుంది.

“డిష్ చూడ్డానికి వచ్చారా బాబాయ్?”

“ఊఁ. గాలికి కదిలిందేమోనని.”

“గాలి లేదుగా.” నోట్లో ఉన్న క్లిప్పు తీసి దుప్పటికి పెట్టింది. “బాబాయ్, ఒకటడగనా? జిన్‌లకి ఫుట్‌బాల్ తెలుసంటారా?”

“నాకేం తెలుసమ్మాయ్. నేను హమామ్‌లో తువ్వాళ్ళిచ్చేవాణ్ణి.”

“నేను గమనించా. ఒరాన్ జట్టు కొట్టేటప్పుడు ఎప్పుడూ బొమ్మ పోలేదు. అవతలివాళ్ళు కొట్టేటప్పుడే పోయేది. అంటే మన ఊరివైపు జిన్నే అన్నమాట.” కళ్ళతో నవ్వింది. తర్వాత నా తీగ వైపు చూసింది. అది ఆమె కాళ్ళ దగ్గరనుంచే పాక్కుంటూ నా కిటికీలోకి దిగుతోంది. దాని మీదనుంచి జాగ్రత్తగా దాటింది.

“నవ్వకుండా ఉండాల్సింది,” అంది. “ఏం చేయను, నవ్వొచ్చింది. మామయ్య మొహం ఎలా పెట్టేవారో మీరు చూడలేదు.”

“మీ నాన్న ఏమంటాడు?”

“మా నాన్న గొర్రెల బేరగాడు బాబాయ్. పళ్ళు మూడుసార్లు చూడందే గొర్రెని కొనడు. వెనక్కొచ్చిన గొర్రెని ఎవరూ కొనరని కూడా ఆయనే చెప్తాడు.”

ఖాళీ బకెట్ తీసుకుని దిగిపోయింది.

మర విప్పలేదు. తుప్పు పట్టి ఉంది. పానా కూడా సరైన కొలత కాదు.

మార్చి 22, బుధవారం

సాయంత్రం పైకి వెళ్ళాను. టీవీ పారాయణం చేస్తోంది. హాజ్, ఖైరా పిన్ని, వాళ్ళ అబ్బాయి అందరూ ఉన్నారు. వహీబా వంటింటి గుమ్మంలో.

“జిన్ నేనే,” అన్నాను.

పిన్ని చేతిలో జపమాల ఆగింది.

“కింద నా కంప్యూటర్‌లో ఛానల్ మారిస్తే మీ బొమ్మ పోతుంది. కావాలనే చేశాను. తొమ్మిదిసార్లు. ఈ పిల్లకి ఏం సంబంధం లేదు.”

హాజ్ మొహంలో కోపం వస్తుందనుకుని చూశాను. జాలి వచ్చింది. “మంచి మనసురా నీది,” అన్నాడు. “పిల్ల మీద జాలిపడి నెత్తిన వేసుకుంటున్నావు.”

“హాజ్ గారూ, ఒట్టు. నేనే చేశాను.”

“ఒట్టా?” అంది పిన్ని. “ఒరేయ్, సొంత కూతురికి లేని ఉద్యోగం పుట్టించి రైలెక్కించినవాడివి. నీ నోరు ఒట్టుకి పనికొచ్చే నోరా? పోయినేడు నేను చచ్చిపోయానని మా అన్నకి కబురు పెట్టింది ఎవరు? ఆయన ఏడుస్తూ వస్తే నేను తలుపు తీశాను!”

“అది వేరే సంగతి పిన్నీ.”

“నీకన్నీ వేరే సంగతులే.”

“ఇప్పుడే చూపిస్తాను. పారాయణం ఆపి ఇంకో ఛానల్ పెట్టండి.”

“నాకు చూపిస్తే చాలదు,” అన్నాడు హాజ్ నెమ్మదిగా. “రేపు ఆ పిల్ల తండ్రి వస్తున్నాడు. కబురు ఆయన దాకా వెళ్ళింది. ఏం చూపించినా ఆయన కళ్ళ ముందే చూపించు. మూడింటికి వస్తాడు.”

“సరే. ఏదో ఒక నిలువు…”

“ఏదో ఒకటి కాదు,” అంది పిన్ని. లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. “మూడున్నరకి నీ కూతురు వచ్చే ఛానల్ పెడతాను. రేపు ఆఖరిదట, నేనూ చూస్తుంటాలే ఆ పిల్లని. నీ కూతురి బొమ్మని నీ చేత్తో నువ్వు ఆర్పుకో. అప్పుడు నమ్ముతాను. ఆ ఒట్టు చాలు నాకు.”

వంటింటి గుమ్మంలోంచి వహీబా ఏదో అనబోయింది. మొగుడు దాని వైపు చూశాడు. ఆగిపోయింది.

“సరే,” అన్నాను.

గుర్తులు మాట్లాడుకున్నాం. పైన చీపురు కర్రతో నేల మీద ఒకసారి తడితే ఆర్పాలి. రెండుసార్లు తడితే వెలిగించాలి. ఆడపిల్లల ఆటలా ఉంది.

మార్చి 23, గురువారం

మూడుంపావుకి కంప్యూటర్ ఆన్ చేశాను. నల్ల తెర. పైన పారాయణం. కొత్త మనిషి అడుగులు, బరువైనవి.

మూడున్నరకి పైన పారాయణం ఆగింది. పదమూడు రోజుల తర్వాత మొదటిసారి మేడ నిశ్శబ్దంగా ఉంది. అదే క్షణంలో నా తెర మీద సుహీలా.

పసుపు బ్లూజా బల్ల మీద పరిచి ఉంది. పూసలు లైట్లకి మెరుస్తున్నాయి. రికార్డు నొక్కాను. “ఇది మా అమ్మది,” అంది. “ఒక్కసారే వేసుకున్నాను. ఆ రోజు నాకు…”

ఒక తట్టు.

కత్తులవాడు. పైన గోల. హాజ్ గొంతు: “చూశావా! చూశావా!”

రెండు తట్లు. సుహీలా. నడుము దగ్గర కుట్టు విప్పేసింది. దారం పొడుగ్గా లాగుతోంది. రికార్డు.

ఒక తట్టు. ఆర్పాను.

రెండు. బ్లూజా కుడి చెయ్యి విప్పుతోంది. ఏదో అని నవ్వింది. ఏమందో పైన గోలలో వినపడలేదు.

ఒకటి. ఆర్పాను. ఈసారి పైన ఒక ఆడగొంతు నవ్వింది. నాకు తెలిసిన నవ్వే. ఎవరూ ఆ నవ్వుని ఆపలేదు.

రెండు. కుడి చెయ్యి పక్కన పెట్టింది.

“ఇంకోసారి,” అంది బరువైన గొంతు. గొర్రెల బేరగాడు.

ఒకటి. ఆర్పాను.

రెండు. వెలిగించాను. ఎడమ చేతి భుజం దగ్గర కత్తెర మొన పెట్టింది. కెమెరా దగ్గరికి వెళ్ళింది. దాని వేళ్ళు జమీలా వేళ్ళలాగే ఉన్నాయి, చివర కొంచెం వంకర.

ఒకటి. ఆర్పాను.

కత్తులవాడు ఉల్లిపాయ తరుగుతున్నాడు. సన్నగా, కాగితంలా. పైన అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పిన్ని ఏడుస్తోంది. కుర్చీలు జరిగాయి. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎవరో పరిగెత్తారు. నేను మీట మీద వేలు పెట్టుకుని రెండు తట్ల కోసం చూస్తున్నాను.

ఉల్లిపాయ అయ్యాక టమాటా తరిగాడు. టమాటా అయ్యాక రొట్టె.

ఇంకా పరీక్ష అయిపోలేదేమో అనుకున్నాను. ముందే వెలిగిస్తే, చూశారా, వీడి చేతిలో ఏమీ లేదు, దానంతటదే వచ్చింది అనొచ్చు. బేరగాడు అనొచ్చు.

అసర్ అజాన్ వినపడింది. అప్పుడు వెలిగించాను. ఎవరో ఒకాయన వాతావరణం చెప్తున్నాడు.

మార్చి 24, శుక్రవారం

మసీదులో హాజ్ బెనౌదా నా సలాంకి జవాబివ్వలేదు. నేను వచ్చేసరికి మిద్దె మీద నా తీగ కోసేసి చుట్టచుట్టి నా గుమ్మం ముందు పెట్టి ఉంది. నీటుగా చుట్టారు, దారం కట్టి మరీ. ఇకనుంచి ఆ ఇంట్లో ఒక కన్ను ఒకరికే.

వహీబా నాన్న నిన్న ఒక్కడే రెలిజాన్ వెళ్ళాడట.

మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. వహీబా. చేతిలో పళ్ళెం, గుడ్డ కప్పి. వేడి ముస్సెమెన్ రొట్టెలు, తేనె.

“అత్తయ్య పంపలేదు,” అంది ముందే. “నేనే. ఆవిడ చూసి చూడనట్టు అటు తిరిగారు.”

“పెట్టి వెళ్ళమ్మాయ్.”

పెట్టింది. వెళ్ళలేదు. గడప దగ్గరే నిలబడింది.

“బాబాయ్, నిన్న… మా నాన్న ఒప్పుకున్నారు, అత్తయ్య ఏడ్చారు, అందరూ ఒకరి మీద ఒకరు పడి… మేం తట్టడం మర్చిపోయాం.”

“అవునా?”

“అజాన్ అయ్యాక గుర్తొచ్చింది నాకు. చీపురు నా చేతిలోనే ఉంది.” దాని మొహం చూడలేకపోయాను. “మీరు మీ అంతట మీరే పెట్టుకోవచ్చుగా. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.”

“తట్టలేదుగా,” అన్నాను.

అది కాసేపు నన్నే చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని అనుకుని ఉంటుంది. అందరూ అలాగే అనుకుంటారు.

తలుపు లాగి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ బయటనుంచి తలుపు మీద రెండుసార్లు తట్టింది.

కంప్యూటర్ ఆన్ చేశాను. తీగ లేదు కాబట్టి సిగ్నల్ సున్నా శాతం. కార్డు బాగానే ఉంది.

నిన్నటివి ఐదు ముక్కలున్నాయి. వరసగా కలిపి ఒకటి చేశాను. కుట్టు 63 అని పేరు పెట్టాను. 62 లేదు, అది మొఖ్తార్ దుకాణంలో చూసింది. మొత్తం నాలుగు నిమిషాల పది సెకన్లు.

ఎడమ చెయ్యి ఇంకా విప్పలేదు. బ్లూజాకే ఉంది.